నాలుగున్నర శృతి

శ్రావణమాసం మూడో శుక్రవారం. మా విడపనకల్లులో మా వీధి ఆడవాళ్లంతా పేరంటానికి మా ఇంటికే వచ్చారు. హారతి పాట ఎప్పుడూ నాదే. పల్లవి బాగానే సాగింది. చరణంలో పైకి ఎక్కేచోట గొంతు చీలి కీచుమంది. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అందరూ వెళ్లాక మా పాప మెల్లగా అంది, "ఇంక నువ్వు పాడొద్దులేమ్మా, ఫోన్లో పెట్టుకుందాం."

అది మా అమ్మ శెనక్కాయలు ఒలుస్తూ పాడిన పాట. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆ పాటే. అదీ ఫోన్లో పెట్టుకోవాలా?

గుంతకల్లులో సంగీతం చెప్పే మా చిన్నమ్మ దగ్గరికి పోయాను. "ఏ శృతిలో పాడతావే?" అంది. "శృతేంది చిన్నమ్మా, అమ్మ ఎత్తుకున్నచోటే నేనూ ఎత్తుకుంటా" అన్నాను. బి.ఏ. తెలుగులో ఛందస్సు వల్లించినదాన్నే, సొంత గొంతుకూ ఒక కొలత ఉంటుందని ఏనాడూ అనుకోలేదు!

ఆమె తంబూరా పెట్టి చూసింది. నేను ఐదున్నరలో మొదలుపెడుతున్నానట. "అది మీ అమ్మ గొంతు. నీకు నాలుగున్నర చాలు" అంది. హార్మోనియం మీద తెల్లా నల్లా కలిపి రెండు మెట్లే తేడా. అయినా ఆ రెండు మెట్లు దిగడానికి నాకు మనసొప్పలేదు. అమ్మ కంటే తగ్గినట్టు అనిపించింది.

ఎత్తు స్వరానికి గొంతులోని స్వరతంత్రులు సాగి పలచబడాలట. అరిస్తే బిగుసుకుపోతాయి. నెలసరి ఆగే వయసులో చాలామందికి అవి కాస్త మందమై గొంతు కిందికి దిగుతుంది. మోకాళ్ల నొప్పుల గురించి అందరూ చెప్తారు గానీ ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

ఇంకో తప్పు కూడా పట్టుకుంది. పై స్వరం రాగానే, చెట్టు మీది చింతకాయ అందుకోబోయినట్టు మెడ నిక్కిస్తున్నానట. గడ్డం దించి, నోరు బాగా తెరిచి, ఊపిరి పొట్టలోంచి తీయమంది.

ఇంటికొచ్చాక పొద్దున్నే పది నిమిషాలు సాధన మొదలుపెట్టాను. ముందు నోరు మూసుకుని సన్నగా కూనిరాగం. తర్వాత పిల్లలు బస్సాట ఆడేటప్పుడు పెదవులు బుర్రుమనిపిస్తారే, అట్ల కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. ఆ తర్వాత మంద్రస్థాయిలో అకారం. మా ఆయన పేపరు వెనకాల నవ్వుకునేవాడు, నవ్వనీ. మా ఊరి దుమ్ముగాలికి గొంతు ఎండకుండా మధ్యమధ్య గోరువెచ్చని నీళ్లు. నొప్పి అనిపిస్తే ఆపేయడమే. వారాల తరబడి బొంగురు పోకపోతే మాత్రం గొంతు డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

దసరాకి మళ్లీ అదే పాట ఎత్తుకున్నాను, నాలుగున్నరలో. పై స్వరం సన్నగా వచ్చింది, అమ్మది మాదిరి నిండుగా లేదు. కానీ చీలకుండా వచ్చింది. ఫోన్లో తంబూరా పెట్టింది మా పాపే.

పక్కింటి కోడలు మాత్రం, "అంత కింద ఎత్తుకుంటే నాకు అందట్లేదక్కా" అని సణిగింది. ముప్పై ఏళ్ల గొంతు కదా. మరుసటి రోజు పాట ఆమెనే ఎత్తుకోమన్నాను.