‘ప్రజలు’ పెట్టిన కేసు

నా పాత శిష్యుడొకడు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. 2022 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అతను సెల్‌ఫోన్లో ఒక కాగితం ఫోటో పట్టుకొని మా యింటికి వచ్చాడు. అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న కొడుకు పంపిన కాగితమది. వాది: ఆ రాష్ట్రపు ప్రజలు. ప్రతివాది: కుర్రవాడు.

“మాస్టారూ, ప్రజలంతా కలిసి మావాడి మీద కేసు పెట్టడమేమిటండీ? వాడేం చేశాడని?” అన్నాడు.

చేసింది యిది. పెద్ద దుకాణంలో గుమాస్తా లేని కౌంటరు దగ్గర, సరుకుల లెక్క మనమే యంత్రానికి చూపించుకోవాల్సిన చోట, ఒక చలికోటూ మరికొన్ని వస్తువులూ చూపించకుండా సంచిలో వేసుకొన్నాడు. పొరపాటున జరిగిందని వాడంటాడు. వాడి తరఫున వాదించడానికి నేనిది రాయటం లేదు.

ముప్పయ్యేళ్లు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పినవాణ్ణి. అడగటమే తడవుగా పాఠం మొదలుపెట్టాను. తెల్లవాడి హయాములో మన క్రిమినల్ కేసుల్లో ఫిర్యాది చక్రవర్తి. యిప్పుడు రాష్ట్ర ప్రభుత్వం. అమెరికాలో రాజు లేడు కనుక న్యూయార్కు, కాలిఫోర్నియా, ఇల్లినాయి, మిషిగన్ వంటి రాష్ట్రాల్లో ఆ స్థానంలో ప్రజలను కూర్చోబెట్టారు. టెక్సాసులో అయితే కేసు నడిపేది ‘రాష్ట్రం’. మసాచుసెట్సు, పెన్సిల్వేనియా, వర్జీనియా, కెంటకీ తమను తాము ‘కామన్‌వెల్తు’లనుకొంటాయి. బ్రిటిషు కామన్‌వెల్తుతో దానికి సంబంధం లేదు, ఉమ్మడి మేలు అని దాని భావం. యిదంతా చెబుతుంటే నాకు హుషారుగానే వున్నది. అతను మాత్రం, “అయితే ఆ ప్రజల్లో యెవరినైనా బతిమాలుకొంటే కేసు తీసేస్తారాండీ?” అని అడిగాడు. లేదు, ఆ ప్రజల తరఫున మాట్లాడేది డిస్ట్రిక్ట్ అటార్నీ, లేదా ఆ హోదాలోని ప్రాసిక్యూటరు ఒక్కడే అన్నాను. చాలా రాష్ట్రాల్లో అతను వోట్లతో గెలిచి వచ్చినవాడు. నేరస్థుల మీద జాలి చూపనని చెప్పి వోట్లడిగేవాళ్లు ఆ దేశంలో తక్కువేమీ కాదు.

ఆ సాయంత్రమే ఒక నోటుపుస్తకం కొన్నాను. మన ఊళ్లనుంచి యింతమంది పిల్లలు ఆ దేశం వెళుతున్నారు, వాళ్ల తల్లిదండ్రుల కోసం అక్కడి సర్కారు మాటలకు తెలుగులో ఒక చిన్న పట్టిక తయారుచేద్దామనుకొన్నాను. సులువైన పనే అనుకొన్నాను. కోర్టు, జడ్జీ, బెయిలు, అప్పీలు, క్లర్కు, గవర్నరు, యివన్నీ మన పల్లెటూరివాళ్ల నోళ్లలో కూడా నలిగిన మాటలే గదా!

చిక్కంతా అక్కడే వున్నది. తెలియని మాటైతే మనిషి ఆగి అడుగుతాడు, తెలిసిన మాటను నమ్మి ముందుకు పోతాడు. మన గవర్నరును ఢిల్లీ నుంచి పంపిస్తారు, వాళ్ల గవర్నరు వోట్లతో గెలిచి రాష్ట్రాన్ని యేలుతాడు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ అంటే వాషింగ్టనులో విదేశాంగమంత్రి. అదే మిషిగనులోనో ఇల్లినాయిలోనో అయితే డ్రైవింగు లైసెన్సు యిచ్చే ఆఫీసుకు పెద్ద. (ఆ ఆఫీసు నుంచి వుత్తరం వస్తే మనవాడెవడైనా విదేశాంగమంత్రే రాశాడనుకొని హడలిపోగలడు.) సుప్రీంకోర్టు అన్నిటికన్నా పై కోర్టని మూడో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. న్యూయార్కు రాష్ట్రంలో మాత్రం మొదట విచారణ జరిపే కోర్టును సుప్రీంకోర్టు అంటారు. ఆ రాష్ట్రంలో అందరికన్నా పైన వున్నదాని పేరు అప్పీళ్ల కోర్టు. జైలుకూ ప్రిజనుకూ మనకు తేడా లేదు. అక్కడ జైలు సాధారణంగా కౌంటీది. విచారణ కోసం కాచుకొన్నవాళ్లూ, యేడాదిలోపు శిక్షపడ్డవాళ్లూ అందులో వుంటారు. పెద్ద శిక్షలకు ప్రిజను. ఇక బెయిలు సంగతి. మన దగ్గర జామీనుదారును వెతుక్కొంటాం. అక్కడ చాలా రాష్ట్రాల్లో బెయిలు ఒక వ్యాపారం. చేతిలో డబ్బు లేనివాడు బాండు వ్యాపారికి సాధారణంగా పదోవంతు కట్టి బయటపడతాడు. నిర్దోషిగా తేలినా ఆ పదోవంతు తిరిగిరాదు. ఇల్లినాయి 2023లో నగదు బెయిలును పూర్తిగా తీసేసింది. అంటే తీసెయ్యటానికి వీలయినదేనన్నమాట.

పట్టికలో నేను యెక్కువ కాలం తడుముకొన్న మాట ‘ప్లీ’. వేడుకోలు అందామా? వాంగ్మూలం అందామా? చివరికి ‘బేరం’ అని రాసుకొన్నాను. అమెరికను కోర్టంటే మన కళ్ల ముందు మెదిలేది పన్నెండుమంది జూరీ, వాదోపవాదాలు. 2012లో అక్కడి సుప్రీంకోర్టే ఒక తీర్పులో చెప్పిన లెక్క వేరే వున్నది: ఫెడరల్ కోర్టుల్లో దోషులుగా తేలినవారిలో నూటికి 97 మంది, రాష్ట్రాల్లో నూటికి 94 మంది విచారణ జరగకుండానే నేరం వొప్పుకొన్నవాళ్లు. యెందుకు వొప్పుకొంటారో తెలుసుకోవాలంటే కెంటకీలోని హేయిస్ కేసు చదవాలి. అతని మీద ఆరోపణ 88 డాలర్ల 30 సెంట్ల దొంగచెక్కు. వొప్పుకొంటే అయిదేళ్లు అడుగుతాం, లేకపోతే పాత నేరాలు కలిపి యావజ్జీవం పడే సెక్షను పెడతామని ప్రాసిక్యూటరు ముందే చెప్పాడు. హేయిస్ వొప్పుకోలేదు. యావజ్జీవమే పడింది. 1978లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, ఆ బెదిరింపులో రాజ్యాంగవిరుద్ధమేమీ లేదని తేల్చింది. ఒకరి చేతిలో తాళంచెవి వుండి రెండోవాడు గదిలో వున్నప్పుడు జరిగేదాన్ని బేరమనవచ్చా? అయినా ఆ మాటే వుంచాను. ధాన్యం కళ్లంలో వుండగానే షావుకారుతో బేరమాడిన రైతుకు అది అర్థమవుతుంది.

ఇక నా సంగతి.

కుర్రవాడికి కోర్టువారు వకీలును యిచ్చారు. 1963లో గిడియన్ కేసు తీర్పు దరిమిలా బీదవాడికి దక్కిన హక్కిది. దాన్ని తక్కువ చెయ్యను. ఆ వకీలు మంచివాడే. చేతినిండా కేసులు. “నేరం వొప్పుకో, ఆరు నెలలు ప్రొబేషనులో బుద్ధిగా వుండు, ఆ తరవాత కేసు డిస్మిస్ చేస్తారు, నీ పేరు మీద శిక్ష వుండదు,” అన్నాడట. తండ్రి నాకు ఫోను చేశాడు. “మాస్టారూ, వొప్పుకోమంటారా? డిస్మిస్ అంటే పూర్తిగా కొట్టేసినట్టేనా?”

“కొట్టేసినట్టే. నిశ్చింతగా వొప్పుకోమను,” అన్నాను.

ఆరు నెలలు గడిచాయి. కేసు కొట్టేశారు. అతను తిరుపతి వెళ్లి వచ్చి నాకు లడ్డు పెట్టాడు.

2024లో మరో కాగితం వచ్చింది. దాని పేరు ‘నోటీస్ టు అపియర్’, హాజరు కావాలని నోటీసు. సాక్షికి పంపే సమను కాబోలు అనుకొన్నాం. కాదు. దేశం నుంచి పంపెయ్యటానికి వేసే కేసు ఆ కాగితంతోనే మొదలవుతుందట. లోపల వున్న మాటలు చదివి చెమటలు పట్టాయి. 1996లో చేసిన వలస చట్టం ‘కన్విక్షన్’ అనే మాటకు తన సొంత అర్థం రాసిపెట్టుకొన్నది: నేరం వొప్పుకొని, యే రూపంలోనైనా శిక్షో ఆంక్షో పడితే చాలు. తరవాత రాష్ట్రపు కోర్టు ఆ కేసును కొట్టేసినా ఫెడరల్ ప్రభుత్వానికి అది చెవికెక్కదు. రాష్ట్రం దృష్టిలో నిర్దోషి, వాషింగ్టను దృష్టిలో దొంగ! దొంగతనానికి ఆ చట్టంలో యింకో బిరుదున్నది, నైతిక పతనం. దేశంలో అడుగుపెట్టిన అయిదేళ్లలోపు అలాంటి నేరం, అందులోనూ యేడాది జైలు వెయ్యదగ్గది చేస్తే పంపెయ్యవచ్చు. పంపెయ్యటాన్ని పూర్వం డిపోర్టేషన్ అనేవారు. అదే 1996 చట్టం దాన్ని ‘తొలగింపు’గా మార్చింది, బల్లమీద దుమ్ము తుడిచినంత తేలికగా.

విద్యార్థిగా వున్న రోజుల్లో స్టాలిను 1950లో భాషాశాస్త్రం మీద రాసిన వ్యాసాన్ని మా అధ్యయన తరగతిలో చదివాం. భాష యే ఒక్క వర్గపు సొత్తూ కాదన్న ఆ వాదాన్ని నేను మా కాలేజీలో చాలాసార్లు వినిపించాను. యిప్పటికీ కాదనను. కాని భాష అందరిదే అయినా, యీ మాటకు యిదీ అర్థమని చట్టంలో రాసే కలం అందరిదీ కాదు. అదీగాక ఆ అర్థం ఎక్కడ రాసివుందో వెతుక్కోవలసిన భారం నోటీసు అందుకొన్నవాడిదే.

కుర్రవాడు హాజరు కావలసింది ఇమిగ్రేషన్ కోర్టులో. తండ్రికి కొంచెం ధైర్యం వచ్చింది. “కోర్టే గదండీ, జడ్జీగారు న్యాయం చూస్తారు.” ఆ కోర్టు న్యాయవ్యవస్థలో భాగం కాదు, న్యాయశాఖలో ఒక విభాగం, ఆ జడ్జీలు అటార్నీ జనరల్ కింద పనిచేసే వుద్యోగులు. మన అటార్నీ జనరల్ లాగా అతను సలహాలిచ్చే వకీలు కూడా కాదు, మంత్రివర్గ సభ్యుడు. కేసు ‘సివిల్’ కనుక సర్కారు ఖర్చుతో వకీలును యివ్వరు. చలికోటుకు ఉచితంగా వకీలు దొరికాడు, బతుకంతా పోయేటప్పుడు దొరకలేదు. వున్న యింటిమీద అప్పు తెచ్చి తండ్రి వకీలును పెట్టాడు.

అలాంటి కోర్టుల్లో మరో మాట వినిపిస్తుంది: స్వచ్ఛంద నిష్క్రమణ. 2019 జనవరిలో మిషిగనులో ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం బయటపడింది. వలసశాఖ అధికారులే వల పన్ని నడిపిన దొంగ విశ్వవిద్యాలయమది. అందులో చేరిన వందలాదిమందిలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగుపిల్లలు యెందరో. పట్టుబడ్డవాళ్లలో చాలామంది ‘స్వచ్ఛందంగా’ నిష్క్రమించారు. ఆ మాటకు నా పట్టికలో తెలుగు యింకా రాయలేదు.

కుర్రవాడి కేసు తేలలేదు. 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు ఒక మేలు చేసింది: నేరం వొప్పుకొంటే దేశం నుంచి పంపేసే ప్రమాదమున్నదని విదేశీయుడికి అతని వకీలు ముందే చెప్పి తీరాలి. మొదటి వకీలు చెప్పలేదని, కనుక ఆ వొప్పుకోలే చెల్లదని కొత్త వకీలు రాష్ట్రపు కోర్టులో దరఖాస్తు పెట్టాడు. చెప్పనివాళ్లలో నేనూ వున్నాను. ఆ సంగతి తండ్రి యెన్నడూ యెత్తలేదు.

పోయిన వారం మళ్లీ వచ్చాడు, ఫోన్లో యింకో కాగితంతో. పైన ఆ రాష్ట్రపు ప్రజలు, కింద వాళ్లబ్బాయి. విచారణ వాయిదా పడిందని వున్నట్టు నాకు తోచింది. “అంతేనాండీ?” అన్నాడు. వకీలుకు పంపించి అడగమన్నాను. అక్కడ రాత్రి రెండు గంటలయింది. తెల్లవారేదాకా ఆగుదామని యిద్దరం అరుగుమీద కూర్చున్నాం.