తెరపై సొర – వేదికపై శాస్త్రజ్ఞురాలు

వార్షిక సంచికకు వ్యాసం కోరినప్పుడు, మూడు దశాబ్దాలు ఈ కళాశాలలో జంతుశాస్త్రం బోధించిన నేను నా శాస్త్రం గూర్చే వ్రాస్తానని సంపాదకవర్గం ఆశించి ఉంటుంది. నేను వ్రాయబోయేది అదే. అయితే నేను సరిగా బోధించిన పాఠం కాదు, తప్పుగా బోధించిన పాఠం.

నా విద్యార్థి దశలో హైదరాబాదులో ‘జాస్’ చిత్రం చూశాను. పీటర్ బెంచ్లీ 1974లో వెలువరించిన నవల ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1975లో అందించిన చిత్రమది. సముద్రస్నానానికి వచ్చిన వారిని ఒక పెద్ద తెల్ల సొర పొట్టనబెట్టుకోవడమే కథ. చిత్రీకరణకై నిర్మించిన యంత్రపు సొర ఉప్పునీటిలో మాటిమాటికీ మొరాయించడం వలన, దానిని ఎక్కువగా చూపడం దర్శకునికి సాధ్యపడలేదు. ఆ లోపమే చిత్రానికి వరమైంది. కంటికి కనబడని ప్రాణిని జాన్ విలియమ్స్ సంగీతం గుండెకు వినిపించింది. ఆ చప్పుడు నా గుండెలో చాలాకాలం నిలిచిపోయింది.

కొన్నేళ్లకు అధ్యాపకునిగా విద్యార్థులను విహారయాత్రకు విశాఖపట్టణం తీసుకొని వెళ్లాను. చేపలరేవులో సుత్తివంటి తల గల పెద్ద సొర ఒకటి నేలపై పడి ఉంది. “ఇది మనుషుల్ని తింటుందా సార్?” అని ఒక విద్యార్థి అడిగాడు. “తింటుంది” అన్నాను. ఏ గ్రంథం చదివి అన్నాను? ఏ గ్రంథమూ కాదు. సినిమా చూసి అన్నాను. దాని తలపై కాలు మోపి, ఛాయాచిత్రం తీయించుకున్నాను. ఇంతలో ఒక మత్స్యకార స్త్రీ దాని పొట్ట కోయగా, లోపలినుండి పిల్లలు జారిపడ్డాయి. నేను విద్యార్థులను ప్రక్కకు తోలుకొని పోయాను. ఆ ఛాయాచిత్రం మా శాఖ గోడపై ఏళ్ల తరబడి వ్రేలాడింది. బాలింతలకు సొరపుట్టు వండిపెట్టే ఆ తీరవాసులకు సొర రాక్షసి కాదు. ఆ భయం నగరంనుండి నేను మోసుకొని పోయినదే.

పదవీ విరమణ అనంతరం, 2019 వేసవిలో, అమెరికాలో మా అబ్బాయి వద్దకు వెళ్లాను. వారుండే మసాచుసెట్స్ రాష్ట్రంలోనే, మార్తాస్ వినియార్డ్ దీవిలో, ‘జాస్’ చిత్రీకరణ జరిగింది. ఆ రాష్ట్రంలోనే బ్రూక్లైన్‌లోని కూలిడ్జ్ కార్నర్ థియేటరు 2005లో ఒక చక్కని ఆనవాయితీకి శ్రీకారం చుట్టింది: సినిమాతో పాటు, అందులోని విషయం తెలిసిన శాస్త్రజ్ఞుని ప్రసంగం. అది పిమ్మట అనేక పట్టణాలకు ప్రాకింది. సముద్రతీరాన ఒక చిన్న పట్టణంలో అటువంటి ప్రదర్శనకే మా అబ్బాయి నన్ను తీసుకొని వెళ్లాడు.

చిత్రం ముగిసింది, దీపాలు వెలిగాయి, ఎవరూ లేవలేదు. ఒక సముద్రజీవ శాస్త్రజ్ఞురాలు వేదికనెక్కారు. ఆమె చిత్రాన్ని నిందించలేదు. భయపడడం తప్పని కూడా అనలేదు. అనడానికి వీలులేదు: అంతకు ముందటి ఏడాది, 2018 సెప్టెంబరులో, ఆ రాష్ట్రపు వెల్‌ఫ్లీట్ తీరాన సొర కాటుకు ఒక యువకుడు మరణించాడు. అక్కడ 1936 తరువాత అటువంటి మరణం అదే మొదటిది. ఆమె కారణం వివరించారు. 1972 నాటి చట్టం వలన సీల్ జంతువులకు రక్షణ లభించి, వాటి సంఖ్య పెరిగింది. ఆహారాన్ని వెదుకుతూ తెల్ల సొరలు తిరిగి వచ్చాయి. సొర వేట సీల్ కొరకే గాని మనిషి కొరకు కాదు. ప్రపంచమంతటా సొరల వలన ఏటా మరణించేవారు సాధారణంగా పదిమందికి మించరు. మనుష్యుల చేతిలో ఏటా చచ్చే సొరలు సుమారు 10 కోట్లని 2013లో వెలువడిన ఒక అంచనా.

ప్రశ్నల సమయంలో నేను లేచి, నా విశాఖ సొర సంగతి చెప్పాను. ఆమె కొంతసేపు మౌనం వహించి, “ఆ తల్లి పిల్లలను మోసే వయస్సుకు రావడానికే పది పదిహేనేళ్లు పట్టి ఉంటుంది” అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. జంతుశాస్త్ర అధ్యాపకుణ్ణయిన నాకు ఆ మాట పరాయిచోట వినవలసి రావడం సిగ్గనిపించింది.

బెంచ్లీ సైతం తన నవల గూర్చి పశ్చాత్తాపపడి, 2006లో మరణించే వరకు సముద్రజీవుల రక్షణకై పాటుపడ్డాడు. తన చిత్రం తరువాత సొరలకు వాటిల్లిన నష్టానికి విచారిస్తున్నానని స్పీల్‌బర్గ్ 2022లో చెప్పాడు. 1970 నుండి 2018 లోపల, మహాసముద్రాలలో సంచరించే సొరలు, టేకు చేపల సంఖ్య 71 శాతం తగ్గిందని 2021లో ఒక పరిశోధన తేల్చింది. దీనికి ముఖ్యకారణం మితిమీరిన చేపలవేటే, సినిమా కాదు. కాని భయపడిన ప్రాణి చచ్చిపోతే జాలిపడేవాడెవడు?

ఆ రాత్రి నాకు తెలిసివచ్చినది ఇది. ఉపన్యాసం మాత్రమే అయితే నేను నిద్రపోయి ఉండేవాడిని. సినిమా మాత్రమే చూసినందువలననే ఇన్నేళ్లు పొరబడ్డాను. గుండె దడదడలాడుతున్న వేళ చెవికూడా తెరచుకొని ఉంటుంది. శాస్త్రం లోపలికి పోవలసినది అప్పుడే.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం: మన సభామందిరంలో సంవత్సరానికొకసారి అయినా ఒక మంచి చిత్రం వేసి, ఆ వెంటనే ఒక శాస్త్రజ్ఞుని చేత మాట్లాడించండి. పెద్దగా ఖర్చయ్యే పని కాదు. విద్యార్థి మిత్రులారా, మీకొక విన్నపం: ఆ ఛాయాచిత్రం శాఖ గదిలో ఇంకా ఉన్నట్లయితే పారవేయకండి. దాని క్రింద ఇలా వ్రాయండి: “ఇందులో తెలియనివాడు కాలు మోపి నిలుచున్నవాడు.”