కళ్లు మూసుకొని నిలబడితే

సిద్దిపేటలోని ఒక ఫిజియోథెరపీ కేంద్రం. నేల మీద తెల్ల టేపుతో ఒక గీత అతికించి ఉంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉన్న ఒకామె ఆ గీత మీద ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ నడుస్తోంది. నాలుగో అడుగుకే ఒళ్లు ఎడమకు ఒరిగింది. నడుము బెల్టును థెరపిస్టు పట్టుకొనే ఉన్నాడు కాబట్టి పడలేదు.

‘‘ఇల్లు గిర్రున తిరిగినట్టయితదా అక్కా, కాళ్లు తేలిపోయినట్టయితదా?’’

‘‘రెండూ ఒకటి కాదా సారూ?’’

కాదు. ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములలోని నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. దెబ్బ మెదడు కాండంలో పడితే గది తిరగవచ్చు, చిన్నమెదడులో పడితే అడుగు తడబడుతుంది, వెన్నుపాములో పడితే పాదానికి నేల సరిగా తెలియదు.

పాదాలు దగ్గరికి చేర్చి నిలబెట్టారు. కళ్లు తెరిచి ఉన్నంతసేపూ నిలకడగానే ఉంది. మూయగానే ఊగిపోయింది. పాదాల నుంచి అందాల్సిన కబురు అందక, ఇన్నాళ్లూ కళ్లే ఆ లోటు పూడుస్తున్నాయి. కరెంటు పోయిన ఒక రాత్రి ఆమె బాత్రూంలో పడిందట; ఎందుకో, పక్కన చూస్తున్న నాకప్పుడు అర్థమైంది.

తర్వాత మంచం మీద కూర్చోబెట్టి, తల పక్కకు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కనుగుడ్ల కదలిక చూశారు. లోపలి చెవిలో సున్నపు రేణువులు జారి తల తిరగడం ఎం.ఎస్. ఉన్నవాళ్లకూ మామూలే. అదైతే, జాన్ ఎప్లీ అనే అమెరికన్ వైద్యుడు చూపిన పద్ధతిలో తలను వరుసగా తిప్పితే చాలాసార్లు అక్కడికక్కడే తగ్గుతుంది. పెద్ద జబ్బు పేరు పడిందని ప్రతి తల తిరుగుడునూ దాని ఖాతాలోనే రాసేయడం రోగికి చేసే అన్యాయం. ఈమెకు మాత్రం ఆ రేణువుల గొడవ లేదని తేలింది.

‘‘ఎండల్ల ఇంకా తూలుత. పొద్దుగాల్నే కల్లు తాగిందేమో అన్నట్టు చూస్తరు’’ అంది. మైలిన్ పోయిన నరంలో సంకేతం వేడికి ఇంకా మందగిస్తుంది, ఒళ్లు చల్లబడితే మళ్లీ తేరుకుంటుంది. ఒళ్లు అలిసినప్పుడు చూపు ఇలాగే కాసేపు మందగించడాన్ని జర్మన్ నేత్రవైద్యుడు ఊట్‌హోఫ్ 1890లోనే రాశాడు. బస్టాండులో ఆమెను అలా చూసేవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిసినా బాగుండును.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎం.ఎస్. ఉంది. అయినా ‘నడిచే వచ్చినవ్ కదా’ అన్న మాట ఆమెకు తప్పలేదు. అందుకే వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి పోయేటప్పుడు న్యూరాలజిస్టు రిపోర్టుతో పాటు చూపించమని, గీత మీద ఎన్నో అడుగుకు తూలిందీ, కళ్లు మూసి ఎన్ని సెకన్లు నిలిచిందీ థెరపిస్టు కాగితం మీద రాసిచ్చాడు.