వీపు మీది అవ్వ

మొన్న మన కాలేజీ రక్తదాన శిబిరంలో నన్ను వెనక్కి పంపేస్తే అందరూ రక్తం తక్కువేమో అనుకున్నారు. కాదు. టాటూ వేయించుకుంటే ఏడాది దాకా ఇవ్వకూడదట. నాది వేయించుకుని రెండు నెలలే. మెడకింద, వీపు మధ్యలో, రెండే అక్షరాలు: అవ్వ.

హోసూరులో మా అవ్వ ముంజేతి మీద పచ్చబొట్టు తేలు ఉంది. చిన్నప్పుడు సంతలో పొడిపించుకుందట, సూదులు కట్టగట్టి, దీపం మసితో. దాన్ని చూస్తూనే పెరిగినాను.

బెంగుళూరులో నాకు వేసినతను కన్నడిగుడు. పద్దెనిమిది నిండాయా అని ఆధార్ చూసి, కొత్త సూది నా ఎదుటే విప్పినాడు. కాగితం మీద గీసిన అచ్చు ముందు వీపుకి అంటించినాడు. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తే నాకేం తెలుస్తుంది? తోడొచ్చిన మన క్లాసమ్మాయే "ఆగండి" అని అరిచింది. వ మీద తలకట్టు కన్నడంలో లాగా అడ్డంగా పడుకోనుంది! "రెండూ ఒకటే గదా" అన్నాడతను. నిజమే, వాళ్లకూ అవ్వ ఉంది. ఉత్తర కర్ణాటకలో అమ్మనే అవ్వ అంటారు. అయినా తుడిచి మళ్లీ అంటించినాడు. వీపు మీద రాయించుకునేవాళ్లు చదవడం వచ్చిన మనిషిని తోడు తీసుకుపోండి.

నొప్పి సంగతా? కండ ఉన్నచోట గోటితో గీరినట్టు, అంతే. వెన్నుపూస మీదికి వచ్చేసరికి పళ్ల దాకా అదిరింది. నలభై నిమిషాలు. అసలు కష్టం ఇంటికొచ్చాకే. బోర్లా పడుకోవాలి, బ్యాగు పట్టీ తగలకూడదు, నాలుగో రోజు నుంచి పొట్టు లేస్తుంది, దురద ప్రాణం తీస్తుంది, గోకకూడదు. సబ్బుతో కడిగి పలచగా మందు రాయాలి. ఎట్లా రాసేది? చెయ్యి అందదు. అమ్మకి చెప్పే ధైర్యం లేదు.

రెండో రోజు రాత్రి అవ్వ ముందు వీపు తిప్పి కూర్చున్నాను.

"ఏందే ఇది! పచ్చబొట్టు వీపున పొడిపించుకుంటారా ఎవరైనా? నీకే కనపడదే!"

చేతులు కడుక్కోమంటే తిట్టుకుంటూ కడుక్కొచ్చింది. అవ్వకి చదువు రాదు. ఏం రాయించినావని అడిగితే చెప్పినాను. చాలాసేపు మాట్లాడలేదు. వేలు మాత్రం మెల్లగా తిరుగుతూ ఉంది.

"నాదానికి మా యమ్మ పసుపు పూసింది" అంది చివరికి.

పది రోజులూ అవ్వే రాసింది. అమ్మకి ఇంకా తెలీదు. వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశం ఉంది కదా, అప్పటికి ఈ కాగితం గోడమీంచి తీసేయమని మేడమ్‌ని అడగాలి.