పళ్ళ లెక్క



మన సంఘంలో చాలామందికి రైలు కూత గడియారం లాంటిది. 1960వ దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన కొత్తవలస–కిరండోల్ మార్గం మన కొండల్ని తొలుచుకుంటూ పోతుంది. సిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఘాట్‌లో బాగా వాలుగా ఉన్నచోట 60 మీటర్ల దూరానికి 1 మీటరు ఎత్తు ఎక్కాలి. వినడానికి తక్కువే, కానీ వేల టన్నుల బండికి అది పెద్ద కొండ.

క్రిస్మస్‌కు ఆ రైలునే చిన్నదిగా చేద్దామని యవనస్థులు అడిగారు. చెక్క, రేకు, పాత ప్రింటరులోని మోటారు, పాడైన బొమ్మల్లోని పళ్ళ చక్రాలు పోగుచేసుకొని సాయంత్రాలు కూర్చున్నాము. గది చిన్నది గనుక మా పలక అసలు దారికంటే ఆరింతలు ఎక్కువ వాలు: మీటరుకు 10 సెంటీమీటర్లు. ఇంజను, రెండు పెట్టెలు, వాటిలో రాళ్ళు కలిపి కిలో బరువు.

చిన్న మోటారు నిమిషానికి సుమారు 6,000 చుట్లు తిరుగుతుంది. మా చక్రం అడ్డంగా 30 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకు 94 మిల్లీమీటర్లు నడుస్తుంది. మోటారును నేరుగా చక్రానికి తగిలిస్తే లెక్కప్రకారం సెకనుకు 9 మీటర్లు పోవాలి. నిజానికి పలకమీద అది కదలనే కదలదు. వేగం ఉంది, బలం లేదు. 10 పళ్ళ చక్రం 40 పళ్ళ చక్రాన్ని తిప్పితే వేగం నాలుగో వంతు అవుతుంది. రాపిడికి కొంత పోగా బలం దాదాపు నాలుగింతలు అవుతుంది.

ముందుగా అలాంటి జతలు రెండు పెట్టి చూశాము. 16 చుట్లకు ఒక చుట్టు. బండి మూలుగుతూ ఎక్కింది, మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. స్విచ్ తీయగానే వెనక్కి జారింది. ఘాట్ రోడ్డులో లారీ నడిపే మన సహోదరుడు అది చూసి, "అయ్యగారూ, ఏ గేరులో ఎక్కుతామో దిగేటప్పుడు కూడా ఆ గేరే ఉండాలి. న్యూట్రల్ చేసి దింపితే బ్రేకులు వేడెక్కి పట్టవు" అన్నాడు. ఖనిజం రైలుకూ అసలు కష్టం అక్కడే. ఖాళీగా ఎక్కుతుంది, నిండుగా దిగుతుంది.

ఇక రెండు దారులు మిగిలాయి. ఒకటి వార్మ్ గేరు. మరమేకు లాంటి కడ్డీ ఒక చుట్టు తిరిగితే పళ్ళ చక్రం ఒక్క పన్నే జరుగుతుంది. 30 పళ్ళుంటే ఒకే అడుగులో 30కి ఒకటి. చక్రం వైపునుండి తిప్పబోతే సాధారణంగా కదలదు గనుక వెనక్కి జారదు. కానీ రాపిడికి చాలా బలం పోతుంది, కరెంటు ఆగగానే చక్రాలు బిగుసుకుంటాయి. రెండోది, మూడో జత కలపడం. అప్పుడు 64కి ఒకటి.

మూడో జతనే ఎంచుకున్నది పదో తరగతి తప్పిన తమ్ముడు. పళ్ళకు సుద్దముక్కతో గుర్తుపెట్టి మూడు సాయంత్రాలు లెక్కపెట్టాడు. చక్రాలలో పళ్ళ సంఖ్య కుదిరినా పన్ను పరిమాణం వేరైతే ఒకదానిలో ఒకటి కూర్చోవని పట్టుకున్నదీ అతడే. రెండు చక్రాల మధ్య కాగితం ముక్క పెట్టి, దగ్గరకు నొక్కి, ఇరుసులు బిగించి, కాగితం లాగేశాడు. మిగిలిన ఆ సందు వల్ల పళ్ళు బిగుసుకోకుండా తిరిగాయి.

మా రైలు సెకనుకు 15 సెంటీమీటర్ల చొప్పున, చప్పుడు చేయకుండా ఎక్కింది. స్విచ్ తీస్తే ఉన్నచోటే నిలిచింది. మోటారు చల్లగానే ఉంది.

"కొట్టులో బొమ్మ రైలు దొరుకుతుంది కదా, ఎందుకింత శ్రమ?" అని పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ తమ్ముడు సంక్రాంతి తర్వాత చెన్నై కట్టడం పనికి వెళ్ళాలి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఇంట్లో అప్పుకు కట్టేశారు. రైలు చూసిన రాత్రి వాళ్ళ అమ్మ వచ్చి, "అయ్యగారూ, వీడికి చదువు రాదనుకున్నామండీ. ఈ లెక్కంతా ఎక్కడ నేర్చాడు?" అని అడిగింది. తప్పిన పరీక్ష మళ్ళీ రాయవచ్చని, పాసైతే ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చుకోవచ్చని చెప్పాము. ఆమె కాదనలేదు. అడ్వాన్సు సంగతి ఏమిటని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు మా ఒక్కరి దగ్గర జవాబు లేదు.

అందుకే ఇది మీకు రాస్తున్నాము. మేస్త్రీతో మాట్లాడగల పెద్దలు, ఫిట్టరు పని తెలిసినవారు, లెక్కలు చెప్పగలవారు ఆదివారం ఆరాధన తర్వాత పది నిమిషాలు ఆగండి. రైలు గుడి వెనుక గదిలోనే ఉంది. ఆ తమ్ముడే నడిపి చూపిస్తాడు.