సెక్టార్ల నగరం, సీటు లేని డ్రైవర్
అన్నిటికీ చోటు కేటాయించిన బ్రసీలియా నుంచి వచ్చిన రాబర్టో మొరెనో మాత్రం ఎక్కువగా ఇతరుల కార్లే నడిపాడు

బ్రసీలియాలో అన్నిటికీ ఓ సెక్టార్ ఉంది. హోటళ్లకొకటి, బ్యాంకులకొకటి, విదేశీ రాయబార కార్యాలయాలకొకటి. ఎర్రమట్టి పీఠభూమి మీద లూసియో కోస్టా గీసిన పటం ప్రకారం, ఆస్కార్ నీమెయర్ భవనాలతో లేచిన ఈ బ్రెజిల్ రాజధాని 1960 ఏప్రిల్ 21న ప్రారంభమైంది. పైనుంచి చూస్తే విమానం ఆకారం. రెండు రెక్కల పొడవునా సాగే పెద్ద రోడ్డు మీద సిగ్నళ్ల బెడద లేదు. దాన్ని దాటే దారులు కింద నుంచి పోతాయి. నడిచేవాడి కంటే నడిపేవాడి కోసమే కట్టిన ఊరిది. ఆదివారాల్లో మాత్రం ఆ రోడ్డు మీదికి కార్లను రానివ్వరు. ఆ ఒక్కరోజూ అది సైకిళ్లదీ, పాదచారులదీ.

అలాంటి ఊరికి రేసింగ్ పిచ్చి పట్టకపోతేనే ఆశ్చర్యం. ఉత్తరపు రెక్క దగ్గర 5.475 కిలోమీటర్ల ట్రాక్ 1974లో తెరుచుకుంది. చాంపియన్‌షిప్‌తో సంబంధం లేని తొలి ఫార్ములా వన్ పోటీలో ఎమర్సన్ ఫిట్టిపాల్డి గెలిచాడు. తర్వాత ఆ ట్రాక్‌కు ఈ ఊళ్లోనే పెరిగిన నెల్సన్ పికే పేరు పెట్టారు. మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన పికే ఓ మాజీ ఆరోగ్య మంత్రి కొడుకు. తండ్రికి తెలియకుండా పోటీల్లో దిగడానికి తల్లి ఇంటిపేరు వాడుకున్న గడుసువాడు.

అతడికి ఆరున్నరేళ్లు చిన్నవాడైన మిత్రుడు రాబర్టో మొరెనో. రియోలో పుట్టి బ్రసీలియాలో పెరిగాడు. 1982లో నైజెల్ మాన్సెల్ గాయపడితే లోటస్ అతడిని డచ్ గ్రాండ్ ప్రీకి పిలిచింది. అర్హత సాధించలేకపోయాడు. మరో అవకాశానికి ఐదేళ్లు పట్టింది. 1987లో అడిలైడ్‌లో ఆరో స్థానంతో ఏజీఎస్ అనే చిన్న టీమ్‌కు మొట్టమొదటి పాయింటు తెచ్చిపెట్టాడు. 1988లో పెద్ద స్పాన్సర్ ఎవరూ లేకుండానే ఫార్ములా 3000 చాంపియన్ అయ్యాడు.

అయినా తలుపులు తెరుచుకోలేదు. చిన్న టీమ్‌లకు ప్రతిభతోపాటు డబ్బు తెచ్చే డ్రైవర్ కావాలి. మొరెనోకు దక్కినవి కొలోని, యూరోబ్రన్ కార్లు. 1989లో మొత్తం 39 కార్లు పోటీకి వస్తే రేసులో చోటు 26కే. అందుకే బలహీనమైన కార్లకు శుక్రవారం ఉదయమే గంటసేపు వడపోత. పదమూడింటిలో నాలుగే మిగిలేవి. మిగతావాళ్లు టిఫిన్ వేళకే పెట్టె సర్దుకోవాలి.

1990 అక్టోబర్‌లో బెనెటన్ డ్రైవర్ అలెసాండ్రో నానిని హెలికాప్టర్ ప్రమాదంలో చేతిని పోగొట్టుకున్నంత పనైంది. ఆ సీటు మొరెనోకు వచ్చింది. సుజుకాలో మొదటి మలుపులోనే సెన్నా, ప్రోస్ట్ ఢీకొన్నారు. చివరికి పికే మొదటివాడు, మొరెనో రెండోవాడు. పోడియం మీద ఇద్దరు బ్రసీలియా మిత్రులు కావలించుకున్నారు. ఒకరి దురదృష్టమే మరొకరికి అవకాశమయ్యే వృత్తి ఇది.

ఆ న్యాయమే ఏడాది తిరక్కుండా అతడికీ వర్తించింది. 1991 ఆగస్టులో బెల్జియంలో నాలుగో స్థానం, రేసులో అత్యంత వేగవంతమైన ల్యాప్ కూడా అతడిదే. రెండు వారాల్లో మోంజా. ఈలోగా బెనెటన్ అతడిని తప్పించి, ఒకే ఒక్క రేసు అనుభవమున్న జర్మన్ కుర్రాడిని తెచ్చుకుంది. అతడి పేరు మైఖేల్ షుమాకర్. మొరెనో ఇటలీలో కోర్టుకెక్కాడు. చివరికి రాజీ కుదిరి, షుమాకర్ వదిలేసిన జోర్డాన్ కారు అతడికి దక్కింది. అదీ రెండు రేసులకే.

మరుసటి ఏడాది ఆండ్రియా మోడా అనే అంతంతమాత్రపు టీమ్ కారును మొనాకోలో 26వ స్థానంలో నిలబెట్టాడు. అదే చిట్టచివరి చోటు. పదకొండు ల్యాప్‌లకు ఇంజన్ చేతులెత్తేసింది. ఆ కారు రేసు మొదలుపెట్టింది ఆ ఒక్కసారే. 1995తో మొరెనో ఫార్ములా వన్ ముగిసింది: 42 రేసులు, 15 పాయింట్లు, ఒక్క పోడియం. తర్వాత అమెరికాలో గాయపడిన డ్రైవర్ల స్థానంలో దిగీ దిగీ ‘సూపర్ సబ్’ అనిపించుకున్నాడు. 2000లో మాత్రం సొంత సీటు దొరికింది. 41 ఏళ్ల వయసులో క్లీవ్‌లాండ్‌లో గెలిచి, ఆ ఏడాది కార్ట్ చాంపియన్‌షిప్‌లో మూడోవాడయ్యాడు. సీటిస్తే ఏం చేయగలడో తేలిపోయింది.

పికే పేరు పెట్టుకున్న ట్రాక్‌కూ కష్టాలొచ్చాయి. 2015 మార్చిలో జరగాల్సిన ఇండీకార్ రేసు రద్దయి, మరమ్మతులు మధ్యలో ఆగాయి. దేశం పరిస్థితీ మారింది. 1972 నుంచి 1991 వరకు ముగ్గురు బ్రెజిలియన్లు ఎనిమిది ప్రపంచ టైటిళ్లు గెలిచారు. 2017 తర్వాత ఫెలిపే మస్సా తప్పుకున్నాక ఏడు సీజన్లపాటు ఆ దేశానికి ఫార్ములా వన్‌లో స్థిరమైన సీటే లేదు. 2025లో గాబ్రియేల్ బొర్తొలెతో వచ్చేదాకా మధ్యలో కనిపించింది ఒక్కడే: ఎమర్సన్ మనవడు పియెత్రో ఫిట్టిపాల్డి, 2020లో రెండు రేసులకు. అతడు దిగింది కూడా గాయపడిన డ్రైవర్ స్థానంలోనే. మొరెనో ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగమే అది.