మిల్లులో దయ్యం కోసం ఒక రాత్రి

దయ్యాలు తిరిగే ఊరంటే మన పక్క అందరూ ధనుష్కోటి పేరే చెబుతారు. 1964 డిసెంబరులో తుపాను వచ్చి రైలు స్టేషనుతో సహా ఆ ఊరిని ఒక్క రాత్రిలో తుడిచిపెట్టింది. మా సింగానల్లూరికి అలాంటిదేమీ జరగలేదు. ఇక్కడ జనం ఉన్నారు, చెరువు ఉంది, తిరుచ్చి రోడ్డు మీద నడిరేయి కూడా లారీలు పోతూనే ఉంటాయి. పాడుబడింది మిల్లులే. కానీ ఒకప్పుడు మిల్లులే ఊరు అని మా తాత అంటాడు.

కోయంబత్తూరులో మొదటి నూలు మిల్లు 1888లో స్టేన్స్ దొర పెట్టింది. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లు మొదలుపెట్టాడు. 1930లలో పైకారా నుంచి కరెంటు వచ్చాక మిల్లులు వరసగా లేచాయి. దక్షిణ భారత మాంచెస్టరు అని పేరు కూడా వచ్చింది. నల్లరేగడిలో పత్తి పండించుకుంటున్న మనవాళ్ళలో కొందరు మిల్లు యజమానులయ్యారు. అంతకన్నా ఎక్కువమంది సంగు ఊదగానే డబ్బా పట్టుకొని పరుగెత్తే కూలీలయ్యారు. సంగు అంటే సైరను. మా తాత ఇప్పటికీ గడియారం చూడకుండా షిఫ్టు మారే టైము చెబుతాడు.

మా ఇంటి మొట్టమాడి మీద నిలబడితే ఒక మూతపడిన మిల్లు వెనక గోడ కనిపిస్తుంది. అది మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. మిషన్లన్నీ పాత ఇనుముకు అమ్మేశారు. రంపం పళ్ళలాంటి కప్పు, పగిలిన అద్దాలు, గోడ పగుళ్ళలో రావి మొక్కలు మిగిలాయి. పోయిన ఏడాది ఎవరో ముగ్గురు అబ్బాయిలు రాత్రిపూట ఆ గోడ దగ్గర వీడియో తీశారు. లోపల ఒక కూలీ ఉరేసుకున్నాడనీ, అతను రాత్రి రెండు గంటలకు దగ్గుతూ తిరుగుతాడనీ చెప్పారు. వీడియోలో దగ్గు నిజంగానే వినిపిస్తుంది. నాకూ ఒళ్ళు జలదరించింది.

నా స్నేహితురాలి తాత ఆ మిల్లులో పని చేసినాయన. దగ్గుతో బాధపడి పోయినాయన. వీధిలో వాళ్ళు వీడియోలో దయ్యం ఆయనే అని తేల్చేశారు. ట్యూషన్లో ఆమె లోపలికి వస్తుంటే కొందరు కావాలని దగ్గేవాళ్ళు. ఆమె రెండు వారాలు ట్యూషన్ మానేసింది. ఇది చదివేవాళ్ళలో ఒకరిద్దరు అప్పుడు అక్కడే ఉన్నారు, వాళ్ళకు తెలుసు.

అందుకే మే సెలవుల్లో ఒక శనివారం రాత్రంతా మేలుకొని చూద్దామని ఇద్దరం అనుకున్నాము. సైన్సు సారును అడిగి థర్మామీటరు తెచ్చుకున్నాము. సారు మాకు విక్ టాండీ కథ చెప్పారు. ఆయన ఇంగ్లండులో ఇంజనీరు. ఆయన పనిచేసే ల్యాబులో బూడిద రంగు ఆకారం కనిపించిందట. తీరా చూస్తే కారణం ఒక ఫ్యాను. దాని కంపనం సెకనుకు దాదాపు 19 సార్లు. మన చెవికి 20 కన్నా తక్కువ వినిపించదు, కానీ ఒంటికి తెలుస్తుంది. 1998లో ఆయన దాన్ని వ్యాసంగా రాశారు. మా మిల్లులో ఫ్యాన్లూ లేవు, కరెంటూ లేదు కాబట్టి ఆ కారణం మాకు పనికిరాదని ముందే కొట్టేశాము.

ఆడపిల్లలు ఇద్దరే మేడమీద ఉండకూడదని మా అమ్మ పట్టుబట్టింది. స్నేహితురాలి అవ్వ తోడుకు వచ్చింది. ఆమెకు ఆ వీడియో సంగతి ఎవరూ చెప్పలేదు. నక్షత్రాలు చూసే చదువేదో అనుకుంది.

తొమ్మిదిన్నరకు 29 డిగ్రీలు. పది దాటాక కప్పు మీద టక్, టక్ అని ఎవరో నడిచినట్టు చప్పుడు మొదలైంది. నోటుబుక్కులో లెక్క వేశాను. 30 మీటర్ల ఇనుప దూలం 20 డిగ్రీలు చల్లబడితే 7 మిల్లీమీటర్లు కుదించుకుపోతుంది. పగలంతా కాలిన కప్పు రాత్రి సర్దుకుంటోందన్నమాట. తర్వాత ఒక ఆడమనిషి అరుపు. నా స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. టార్చి వేస్తే గోడ మీద తెల్లటి ముఖం, హృదయం ఆకారంలో. గుడ్లగూబ. ఈ రకం మామూలు గూబలా కూయదు, కీచుమని అరుస్తుంది. ఎగిరితే రెక్కల చప్పుడే ఉండదు.

ఇక దోమలు. వాటి గురించి రాస్తే ఇంకో రెండు పేజీలవుతుంది.

రెండు గంటల పది నిమిషాలకు దగ్గు వచ్చింది. ఒకసారి కాదు, తెరలు తెరలుగా. ఖాళీ హాల్లోంచి మోగుతూ వచ్చింది. నేను ఫోన్లో రికార్డు నొక్కాను. అప్పుడు అవ్వ చాప మీద లేచి కూర్చుంది. భయపడలేదు. తల వంచి కాసేపు విన్నది.

"ఎవురే అది? అది దూది దగ్గు గదా" అన్నది.

"పేయి అంటాండారు అవ్వా" అన్నాను.

"పేయికి ఊపిరితిత్తులు ఉండాయా? పదకొండేండ్లు నా పక్కన విన్న దగ్గు అది. బతికుండే మనిషి దగ్గు."

ఆ తర్వాత తెల్లారేదాకా అవ్వ చెప్తూనే ఉన్నది. తాత బ్లోరూములో పని చేసేవాడట. అక్కడే పత్తి బేళ్ళు విప్పుతారు. దుమ్ము మంచు మాదిరి కమ్ముకొనేది, ఇంటికి వస్తే కనుబొమలు తెల్లగా ఉండేవి. ఆదివారం సెలవులో బాగుండేవాడు. సోమవారం పనికి పోతే ఎద పట్టేసేది, తర్వాతి రోజుల్లో కాస్త తగ్గేది. కొన్నేళ్ళకు అన్ని రోజులూ సోమవారాలే అయినాయి అన్నది. ఆయన ఉరేసుకోలేదు. ఆసుపత్రిలో, అవ్వ చెయ్యి పట్టుకొని పోయినాడు. నా స్నేహితురాలికి ఈ సంగతి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదట. ఆమె ఏడ్చింది, నేను థర్మామీటరు చూస్తున్నట్టు నటించాను.

తర్వాత సారు ఆ జబ్బు పేరు చెప్పారు, బిసినోసిస్. పత్తి దుమ్ముతో వస్తుంది. ఇంగ్లండు మిల్లుల్లో కూడా ఉండేదట, దానికి సోమవారం జ్వరం అనే పేరు కూడా ఉందట. మాంచెస్టరు పేరు మనకు వచ్చినప్పుడు దాంతోపాటు ఇదీ వచ్చినట్టుంది.

తెల్లవారి ఏడు గంటలకు ముగ్గురం ముందు గేటుకు వెళ్ళాము. వాచ్‌మన్ ఉన్నాడు, అరవై దాటినాయన. మా మాట విని "మీరు మనవాళ్ళా?" అని నవ్వాడు. అవ్వ ముందు వెనక చూడకుండా "ఏ డిపార్టుమెంటు?" అని అడిగింది. ఇంకో మిల్లులో పద్దెనిమిదేళ్ళు కార్డింగు అట. రాత్రి రెండుకు లోపలి నుంచే వెనక గోడ దాకా ఒక చుట్టు తిరుగుతాడు, లోపల దుమ్ముకు దగ్గు ఎక్కువవుతుంది. అంతే.

అవ్వ ఊరుకోలేదు. కొడుకును పంపి ఆయన్ను డాక్టరుకు చూపించింది. ఇప్పుడు పీల్చే మందు వాడుతున్నాడు. రాత్రిపూట మా ఇంటి నుంచో వాళ్ళింటి నుంచో సొంఠి కాఫీ ఫ్లాస్కులో పోతుంది.

నా స్నేహితురాలు మళ్ళీ ట్యూషన్‌కు వచ్చింది. ఎవరో దగ్గారు. ఆమె వెనక్కి తిరిగి "ఏం, నీకూ సోమవారమా?" అని అడిగింది. వాడికి అర్థం కాలేదు. నేను అందరికీ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది.

ఈ వ్యాసం రాస్తానని చెప్పినప్పుడు ఆమె తన పేరు వద్దన్నది, మిగతాదంతా రాయమన్నది. ఒప్పుకోనిది వాచ్‌మన్ తాత. "దయ్యం ఉండాదని అంటేనే కదమ్మా ఇనుము దొంగలు రారు. నువ్వు లేదని రాస్తే ఈ వయసులో నేను వాళ్ళ వెనక పరుగెత్తాలా?" అన్నాడు. దొంగలు మన స్కూలు పత్రిక చదవరని చెప్పినా వినలేదు. చివరికి మిల్లు పేరూ వీధి పేరూ రాయనని మాటిచ్చాక ఒప్పుకున్నాడు.